పిండికొద్దీ రొట్టె: దూరపు ఆర్డర్ల చరిత్ర

"పిండికొద్దీ రొట్టె" అని మన సామెత. పిండి ఎంతయో రొట్టె అంతయే అగునని దాని భావము. కాని నేడు ఏ నగరమునందైనను చిన్న పిజ్జా దుకాణము నడుపుకొనువానిని అడిగి చూచినచో అతడు మరియొక మాట చెప్పును. పిండి తనది, పొయ్యి తనది, తెల్లవారుజామున లేచి పిండి పిసికిన చేతులు తనవి. రొట్టె వెలలో మాత్రము దాదాపు మూడవ పాలు తనది కాదు. కొనువాడు దుకాణపు గడప త్రొక్కడు. ఇంట కూర్చుండి చేతిలోని టెలిఫోను తెరపై వ్రేలు ఆనించును. ఆ వ్రేలికిని ఈ పొయ్యికిని నడుమ ఒక సంస్థ నిలిచి, తన పాలు తాను గైకొని, మిగిలినది దుకాణమునకు చేర్చును.

"తక్కువ ఖర్చుతో ఆర్డర్లు తెచ్చిపెట్టు సంస్థ ఏది?" అని చిన్న వ్యాపారులు అడుగుచుందురు. ఇది కేవలము నేటి లెక్కల ప్రశ్నగా కన్పట్టును. కాని దీని వెనుక సుమారు రెండు వందల యేండ్ల చరిత్ర కలదు. వండువానికిని తినువానికిని నడుమ దూరము పెరిగినప్పుడెల్ల ఎవడో ఒకడు ఆ దూరమును దాటించుటకు వచ్చెను. వచ్చిన ప్రతివాడును ఏదో ఒక రూపమున కూలి పుచ్చుకొనెను. ఎవడు ఎంత పుచ్చుకొనెను, ఏ పద్ధతిని పుచ్చుకొనెను, పోవునప్పుడు తనతో ఏమి పట్టుకొనిపోయెను అను మూడు సంగతులను చరిత్రలో వెదకి చూచినచో నేటి ప్రశ్నకు సమాధానము చాలవరకు దొరకును.

పిజ్జాకు పుట్టినిల్లు ఇటలీ దేశములోని నేపుల్స్ రేవు పట్టణము. పొంగిన గోధుమ పిండిని పలుచగా అదిమి, పైన టమాటాలో, వెల్లుల్లియో, చీజో, చిన్న చేపలో పరచి, కట్టెల పొయ్యిలో కొద్ది నిమిషములలో కాల్చి తీసిన రొట్టె అది. పంతొమ్మిదవ శతాబ్దమున అది బీదవారి ఆహారము. ఇరుకు గదులలో నివసించు కూలివారికి ఇంట పొయ్యి ఉండెడిది కాదు. ఫ్రెంచి నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా 1843లో ప్రకటించిన తన నేపుల్స్ యాత్రా గ్రంథమున ఈ రొట్టెను గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. ఆనాటి నేపుల్స్‌లో వీధి వీధి తిరిగి పిజ్జా అమ్ము కుర్రవాండ్రు ఉండిరి. వారు దుకాణమునుండి వేడి రొట్టెలను పుచ్చుకొని, రేకుతో చేసిన వేడి పెట్టెలో నింపి, దానిని తలపై పెట్టుకొని, కేకలు వేయుచు సందులలో తిరిగెడివారు. పైసలు లేనివానికి నేడు తిని ఎనిమిదవ నాటికి వెల చెల్లించు వాడుకయు ఆ నగరమున కలదు.

దీనిని గమనింపవలెను. వండువాడొకడు, మోసి అమ్ముకొనువాడొకడు అను ఏర్పాటు క్రొత్తది కాదు. పిజ్జా ఎంత ప్రాచీనమో పిజ్జాకు దళారియు దాదాపు అంత ప్రాచీనుడు. కాని ఆ కుర్రవాడు దుకాణదారునకు ఎరుకైనవాడు. వాని లాభమెంతయో దుకాణదారునకు తెలియును. వాడు తిరుగు సందులలో ఎవరు తిందురో, ఎవరు అప్పు పెట్టుదురో ఉభయులకును తెలియును. నేటి ఏర్పాటునకును ఆనాటిదానికిని భేదము పాలు పుచ్చుకొనుటలో లేదు. ఈ ఎరుకలో ఉన్నది.

1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్‌కు వచ్చినప్పుడు రఫాయేలె ఎస్పొసీతో అను పిజ్జా వంటవానిని పిలిపించి రొట్టెలు చేయించెనని, అందొక దానికి రాణి పేరే స్థిరపడెనని ప్రసిద్ధమైన కథ యున్నది. దానికి ఆధారముగా చూపబడు లేఖ యథార్థమైనదేనా యని ఇటీవలి చరిత్రకారులు సంశయించిరి. కథ నిజమైనను కాకున్నను, దానిని లోకము మరువకపోవుటకు కారణము స్పష్టమే. తినువారు దుకాణమునకు రాక, రొట్టెయే తినువారి యింటికి పోవుట అప్పటికి రాచరికపు భోగము. ఆ భోగము సామాన్యుని యింటికి వచ్చుటకు మరి డెబ్బది యేండ్లు పట్టెను.

ఇటలీనుండి లక్షల కొలది జనులు అమెరికాకు వలసపోయినప్పుడు పిజ్జాయు వారితో పోయెను. న్యూయార్కులో జెన్నారో లొంబార్డి 1905లో దుకాణము తెరచెనని చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతనే అది ఇటాలియనుల పేటలు దాటి దేశమంతటను వ్యాపించెను. అప్పుడే అమెరికా జీవితమున మూడు మార్పులు కలిగినవి. జనులు నగర మధ్యమును విడిచి శివార్లకు తరలిరి. ఇంటింటికి కారు వచ్చెను. ఇంటింటికి టెలిఫోను వచ్చెను. దుకాణము దూరమయ్యెను గాని దుకాణదారుని చెవి దగ్గరయ్యెను.

ఈ అవకాశమును ముందుగా గుర్తించిన వారిలో మొనాహన్ సోదరులు ఒకరు. టామ్ మొనాహన్, అతని సోదరుడు జేమ్స్ 1960లో మిచిగన్ రాష్ట్రములోని యిప్సిలాంటి పట్టణమున డామినిక్స్ అను చిన్న దుకాణమును అప్పు చేసి కొనిరి. చేరువనే విశ్వవిద్యాలయము, రాత్రివేళ ఆకలిగొన్న విద్యార్థులు, గదిలో వంట లేదు. మరుసటి యేడే జేమ్స్ తన భాగమును వదలుకొని, దానికి బదులుగా రొట్టెలు చేరవేయుటకు వాడుచుండిన పాత ఫోక్స్‌వ్యాగన్ కారును పుచ్చుకొని వెడలెను. దుకాణము 1965లో డామినోస్ అను పేరు దాల్చెను. కూర్చుండి తినుటకు చోటు చూపుటకంటె ఇంటికి త్వరగా చేర్చుటయే తమ వ్యాపారమని వారు నిశ్చయించుకొనిరి. ఒకదానిపై నొకటి పేర్చినను నలుగని ముడుతల అట్ట పెట్టె ఈ వ్యాపారమునకు పనిముట్టయ్యెను. తరువాత అరగంటలో చేర్చెదమను వాగ్దానము వచ్చెను. ఆ తొందరలో రోడ్డు ప్రమాదములు జరిగెనను విమర్శలు చెలరేగినవి. 1993లో సెయింట్ లూయిస్ నగరమున ఒక వ్యాజ్యములో జ్యూరీ బాధితురాలికి కోట్ల డాలర్ల పరిహారము విధించిన పిదప ఆ వాగ్దానమును అమెరికాలో విరమించుకొనిరి. వేగమునకును ఎవడో ఒకడు వెల చెల్లించునని దానివలన తెలిసినది.

టెలిఫోను యుగపు లెక్కను ఒక్కసారి నిదానించి చూడవలెను. నేటి చిన్న వ్యాపారికి దానికంటె ఉపయోగకరమైన పాఠము లేదు. టెలిఫోను కంపెనీ దుకాణమునుండి నెల అద్దె పుచ్చుకొనెను. పిలుపులకు స్వల్పమైన రుసుము పుచ్చుకొనెను. అంతే. ఆ తీగపై పది డాలర్ల ఆర్డరు వచ్చినను నూరు డాలర్ల ఆర్డరు వచ్చినను దానికి పాలు లేదు. పసుపు కాగితముల డైరెక్టరీలో ప్రకటన వేసిన ప్రచురణకర్తయు ముందుగా ఒప్పుకొన్న మొత్తమునే పుచ్చుకొనెను. రెండవ సంగతి: పిలిచినవాని పేరు, వీథి, ఇంటి గుర్తు దుకాణపు పుస్తకములో దుకాణదారుని చేతి వ్రాతతో నిలిచెను. పలానా యింటివారు ఉల్లి తినరు, పలానా ముసలాయన శుక్రవారము తప్పక పిలుచును అను జ్ఞానము దుకాణపు ఆస్తి. మూడవది: రొట్టె పట్టుకొని పోవు కుర్రవాడు దుకాణపు జీతగాడు. వాడు ఆలస్యము చేసినచో నింద దుకాణమునకు; మర్యాదగా నడచుకొన్నచో కీర్తియు దుకాణమునకే.

టెలిఫోను గొంతును మోయును, ముఖమును మోయదు. గొంతుతోనే జీవనము సాగించు మా వంటి రేడియోవారికి ఆ కాలపు ఒక సంఘటన ప్రత్యేకముగా హృదయమునకు తగులును. 1974 డిసెంబరు 4వ తేదీన మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున డోనాల్డ్ షెర్మన్ అను యువకుడు టెలిఫోనులో పిజ్జా తెప్పించుకొనెను. అతడు ముఖ కండరములు పనిచేయని పుట్టు వ్యాధివలన మాటాడలేనివాడు. ఆచార్యుడు జాన్ యూలెన్‌బర్గ్ నడపిన పరిశోధనశాలలో, అతడు మీటలు నొక్కి వ్రాసిన మాటలను ఒక యంత్రము కృత్రిమమైన గొంతుతో పలికెను. ముందు పిలిచినచోట ఆ వింత గొంతు విని ఎవరో ఆకతాయి యనుకొని ఫోను పెట్టివేసిరి. తుదకు ఆ ఊరి మిస్టర్ మైక్స్ అను దుకాణమువారు ఓపికతో విని, అడిగి, నిర్ధారించుకొని రొట్టె పంపిరి. కంప్యూటరు సాయముతో పిజ్జా ఆర్డరు చేసిన తొలి ఘట్టముగా దీనిని తలచుకొందురు. ఇందు యంత్రము గొప్పదనము కొంత. అవతలి చెవి ఓపిక కొంత. చిన్న దుకాణమునకున్న మూలధనము ఆ ఓపికయే.

పిమ్మట ఇరువది యేండ్లకు మరియొక మలుపు. 1994 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రములోని శాంటాక్రూజ్ పట్టణమున పిజ్జా హట్ కంపెనీ, శాంటాక్రూజ్ ఆపరేషన్ అను సాఫ్ట్‌వేరు సంస్థతో కలిసి పిజ్జానెట్ అను ప్రయోగమును ఆరంభించెను. ఇంటర్నెట్టు పుటపై పేరును చిరునామాను నింపి, పిజ్జా రకమును ఎన్నుకొని పంపవచ్చును. అయితే ఆ ఆర్డరు పోయిన త్రోవ చిత్రమైనది. అది వీథి చివరనున్న దుకాణమునకు నేరుగా పోలేదు. సగము ఖండము దాటి కాన్సస్ రాష్ట్రములోని విచిటా పట్టణమున ఉన్న కంపెనీ కంప్యూటరునకు పోయి, అక్కడినుండి తిరిగి శాంటాక్రూజ్ దుకాణమునకు వచ్చెను. నాలుగు వీథుల దూరమునకు ఆర్డరు దేశము చుట్టి వచ్చెను. ఆనాడు అది వినోదముగా తోచియుండును. కాని అంతవరకు దుకాణపు పుస్తకములో ఉండిన పేరు, చిరునామా మొట్టమొదట దుకాణము చేరకమునుపే మరియొకచోట నమోదయినవి. కంపెనీయు దుకాణమును ఒకే గొడుగు క్రిందివి గావున అప్పుడు దానివలన ఎవరికిని నష్టము కలుగలేదు.

కంపెనీలకు కంప్యూటర్లు కలవు. ఒంటరి దుకాణమునకు ఎక్కడివి? ఈ కొరతను తీర్చుటకే నడిమి సంస్థలు పుట్టినవి. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున వరల్డ్ వైడ్ వెయిటర్, 1999లో న్యూయార్కున సీమ్‌లెస్, 2001లో డెన్మార్కున జస్ట్ ఈట్, 2004లో షికాగోలో గ్రబ్‌హబ్ వెలసినవి. గ్రబ్‌హబ్ స్థాపకులలో ఒకడైన మైక్ ఎవాన్స్, ఒక రాత్రి తన యింటికి పిజ్జా తెచ్చి యిచ్చు దుకాణములేవో తెలియక పడిన అవస్థయే ఆ సంస్థకు బీజమని చెప్పుకొనెను. ఈ సంస్థలు మొదట భోజనశాలల పట్టికలను ఒకచోట కూర్చి, వచ్చిన ఆర్డరును దుకాణమునకు అందజేసినవి. రొట్టెను చేరవేయు పని చాలవరకు దుకాణము కుర్రవానిదే. ఆర్డరు వచ్చిననాడే కమీషను. రాకున్న ఏమియు అక్కరలేదు. ముందుగా చేతినుండి పైసా పెట్టనక్కరలేని ఈ బేరము చిన్న వ్యాపారికి న్యాయముగానే కన్పట్టెను. ఆనాటి పరిస్థితులలో అది న్యాయమే యని మేమును ఒప్పుకొందుము.

తరువాతి దశ చేరవేతది. 2013లో స్టాన్‌ఫర్డు విద్యార్థులు కొందరు పాలోఆల్టోలో ప్రారంభించిన చిన్న ప్రయత్నము డోర్‌డాష్ అయినది. ఉబర్ సంస్థయు ఇదే రంగమున ప్రవేశించెను. ఇప్పుడు పట్టికయు వారిదే, బండి నడుపు మనిషియు వారివాడే, సొమ్ము వసూలును వారిదే. దానికి తగినట్లు కమీషను నూటికి 30 వరకు పెరిగెను. డోర్‌డాష్ 2021 ఏప్రిల్‌లో నూటికి 15, 25, 30 అను మూడు తరగతులను ప్రకటించెను. తక్కువ కమీషను ఇచ్చువానికి తక్కువ ప్రచారము, చిన్న పరిధి. ఎక్కువ ఇచ్చువానికి ఎక్కువ.

ఇక లెక్క చూతము. ఒక పిజ్జా వెల 20 డాలర్లు అనుకొందము. నూటికి 30 చొప్పున 6 డాలర్లు సంస్థకు పోగా దుకాణమునకు 14 మిగులును. వెల పెంచి సర్దుకొందమన్నచో, పెంచిన వెలపైనను కమీషను పడును. దుకాణపు చేతికి 20 డాలర్లు రావలెనన్న వెల 28 డాలర్ల 57 సెంట్లుగా ఉండవలెను. అనగా నూటికి 30 కమీషనును పూడ్చుటకు వెలను నూటికి 43 వంతున పెంచవలెను. ఈ చిన్న గణితము తెలియక, "ముప్పది పోయిన ముప్పది పెంచెదను" అనుకొన్నవాడు నెల తిరుగునప్పటికి లెక్క కలియక తల పట్టుకొనును.

అయితే కమీషను ఎల్లప్పుడును నష్టమే యనుట తప్పు. మంగళవారము మధ్యాహ్నము పొయ్యి కాలుచునే యున్నది. పనివాడు కూర్చుండియే యున్నాడు. అద్దె ఎటులైనను ఇయ్యవలసినదే. అప్పుడు దుకాణము పేరే ఎరుగని క్రొత్తవాడొకడు ఆ సంస్థ ద్వారా పిజ్జా కోరెననుకొందము. పిండికి, చీజునకు, పెట్టెకు 6 డాలర్లు. కమీషను 6 డాలర్లు. మిగిలిన 8 డాలర్లు అద్దెకును జీతమునకును సాయపడును. అది లాభమే. మరి పదియేండ్లుగా శుక్రవారము ఫోనులో పిలుచుచుండిన ముసలాయన మనుమని మాట విని అదే సంస్థ ద్వారా కోరెననుకొందము. ఆయన ఎటులను వచ్చువాడే. ఇప్పుడు వచ్చుచు దుకాణమునకు 6 డాలర్లు తక్కువ యిచ్చుచున్నాడు. ఆ ఆర్డరు వలన దుకాణము సంపాదించినది ఏమియు లేదు, పోగొట్టుకొన్నదే యున్నది. క్రొత్తవానిని తెచ్చినందుకు ఇచ్చు కమీషను ప్రచారపు ఖర్చు. పాతవానిని తిరిగి కొనుటకు ఇచ్చు కమీషను శిస్తు. సేవలను ఎన్నుకొనువాడు వీనిని వేరుపరచి చూడవలెను.

ఈ భేదము మరుగుపడుటవలననే తగవులు చెలరేగినవి. 2018లో ఫిలడెల్ఫియా ప్రాంతమున భారతీయ భోజనశాలలు నడుపు ఒక సంస్థ న్యాయస్థానమునకెక్కెను. నడిమి సంస్థ తన పుటపై ప్రకటించిన టెలిఫోను నంబరునకు వచ్చిన పిలుపులలో, ఆర్డరు లేని పిలుపులకును కమీషను వేసెనని దాని ఫిర్యాదు. దుకాణముల అనుమతి లేకయే వాని పట్టికలను సంస్థలు తమ పుటలలో చేర్చుకొనినవను ఫిర్యాదులును వచ్చినవి. 2020లో లోకము నవ్వుకొన్న ఉదంతమొకటి కలదు. ఒక పిజ్జా దుకాణము 24 డాలర్లకు అమ్ము రొట్టెను, అడుగకయే చేర్చుకొన్న సంస్థ తన పుటపై 16 డాలర్లకే చూపెను. దుకాణదారుడు తానే 160 డాలర్లు చెల్లించి పది పిజ్జాలు కోరెను; సంస్థ మనిషి వచ్చి దుకాణమునకు 240 డాలర్లు చెల్లించి పట్టుకొనిపోయెను. వినుటకు నవ్వు వచ్చును. కాని తన రొట్టె వెలను తానెరుగని వాడొకడు నిర్ణయించుచున్నాడను సంగతి ఆ నవ్వు వెనుక నున్నది. అనుమతి లేనిదే దుకాణమును చేర్చుకొనరాదని కాలిఫోర్నియా రాష్ట్రము 2020లో శాసనము చేయగా, 2021 జనవరి 1 నుండి అది అమలునకు వచ్చెను.

2020లో కోవిడ్ మహమ్మారి వలన భోజనశాలల తలుపులు మూతపడినప్పుడు ఈ విషయము బ్రదుకు సమస్య అయ్యెను. బల్లలపై తినువారు లేరు. వచ్చు ఆర్డర్లలో పెక్కు కమీషనుతోనే వచ్చినవి. మంగళవారపు మధ్యాహ్నపు లెక్క ఇక పనికిరాలేదు. ఏలయన అద్దెయు జీతములును కూడ ఆ ఆర్డర్ల నుండియే పుట్టవలెను. ఆ యేడు ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కమీషను నూటికి 15 మించరాదని ఆజ్ఞాపించెను. న్యూయార్కు నగర మండలి మే నెలలో చేరవేతకు 15, ఇతర సేవలకు 5 అని హద్దు పెట్టెను. సంస్థలు న్యాయస్థానములకు పోయినవి. ఈ రెండు నగరములును తరువాతి యేండ్లలో ఆ హద్దులను కొంత సడలించినవి. ప్రభుత్వపు హద్దు ఆపత్కాలమున ఆసరా యగును గాని, దుకాణదారుని వివేకమునకు బదులు కాజాలదు.

కమీషను లేని త్రోవలును ఇంతలో ఏర్పడినవి. న్యూయార్కున పిజ్జా దుకాణముల కుటుంబమునుండి వచ్చిన ఇలిర్ సెలా 2010లో ఆరంభించి, తరువాత స్లైస్ అని పేరు మార్చిన సంస్థ, ఒంటరి పిజ్జా దుకాణములకై పాలు కాక ఆర్డరునకింత యను స్థిరమైన రుసుమును ప్రవేశపెట్టెను. అదే కాలమున లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన చౌనౌ నెల చందా పద్ధతిని అవలంబించెను. ఇది పాత టెలిఫోను అద్దె మరల వచ్చుటయే. దుకాణపు సొంత పుటపైననే ఆర్డరు పుచ్చుకొని, ప్రాథమిక సేవకు ఏమియు అడుగని గ్లోరియాఫుడ్ వంటివియు వచ్చినవి. రుమేనియాలో పుట్టిన ఆ సేవను 2021లో ఒరాకిల్ అను పెద్ద కంపెనీ కొనెను. ఉచితముగా దొరికిన పొయ్యియు ఒకనాడు పరుల చేతికి పోవచ్చునని, కావున మన పట్టికను, కొనువారి చిట్టాను ఒక ప్రతి తీసి దాచుకొనవలెనని ఇందలి నీతి.

ఈ మూడు పద్ధతులలో ఏది చవుక యనునది ఆర్డర్ల సంఖ్యను బట్టి యుండును. దుకాణమే రొట్టె చేరవేసికొనుననుకొని, 20 డాలర్ల పిజ్జాపై నూటికి 15 కమీషను అనుకొన్నచో ఆర్డరునకు 3 డాలర్లు. నెల చందా 150 డాలర్లనుకొన్నచో, నెలకు 50 ఆర్డర్లకు రెండును సమానము. 50కి తక్కువ యైనచో కమీషను చవుక. ఎక్కువ యైనచో చందా చవుక. ఆర్డరునకు 2 డాలర్ల స్థిర రుసుము అనుకొన్నచో, చందాతో సమానమగుటకు 75 ఆర్డర్లు కావలెను. స్థిర రుసుమునందు మరియొక గుణము కలదు: ఒక్క పిజ్జా కోరినను, పుట్టినరోజు విందునకు పది కోరినను అది మారదు. వీనిపై కార్డు ద్వారా సొమ్ము పుచ్చుకొనుటకు వేరే రుసుము పడును. అమెరికాలో అది సామాన్యముగా నూటికి 2.9, దానిపై 30 సెంట్లు. 20 డాలర్ల రొట్టెకు 88 సెంట్లు. "కమీషను లేదు" అను ప్రకటనలోనే ఇది ఇమిడియున్నదా, విడిగా ఉన్నదా యని అడుగవలెను.

మన దేశమునకు ఈ చరిత్ర ఆలస్యముగా వచ్చినను వేగముగా నడచెను. డామినోస్ తొలి దుకాణము 1996లో ఢిల్లీలో తెరచిరి. 2008లో నేటి జొమాటోకు మూలమైన ఫుడీబే భోజనశాలల పట్టికల పుటగా ఆరంభమయ్యెను. 2014లో బెంగళూరు కోరమంగలలో స్విగ్గీ పుట్టెను. దాని స్థాపకులలో శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి తెలుగువారు. భోజనశాలల జాతీయ సంఘము 2021లో చేసిన ఫిర్యాదుపై, 2022 ఏప్రిల్‌లో కాంపిటీషన్ కమిషన్ ఈ రెండు సంస్థల పద్ధతులపై విచారణకు ఆదేశించెను. కమీషను హెచ్చు అనునది ఆ ఫిర్యాదులో ఒక అంశము మాత్రమే. కొనువాని పేరును నంబరును దుకాణమునకు తెలియనీయుట లేదనునది మరియొకటి. నేపుల్స్ సందులలో దుకాణదారునకు ఉండిన ఎరుక గూర్చియే నేటి తగవు కూడ. 2021 డిసెంబరులో ఓఎన్‌డీసీ సంస్థను స్థాపించి, ఏ ఒక్కరి సొత్తు కాని బహిరంగ విపణిని నిర్మించు ప్రయత్నమును ఆరంభించిరి.

మన చిన్న వ్యాపారికి ఒక సౌకర్యము అమెరికా వ్యాపారికి లేనిది కలదు. బ్యాంకు ఖాతానుండి యూపీఐ ద్వారా వచ్చు సొమ్మునకు 2020 జనవరి మొదలు వ్యాపారినుండి రుసుము పుచ్చుకొనరాదని ప్రభుత్వము ఏర్పాటు చేసినది. కావున పేటలోని పిజ్జా దుకాణమువాడు వాట్సాప్‌లో పట్టికను పంపి, ఆర్డరును నేరుగా పుచ్చుకొని, సొమ్మును నేరుగా అందుకొనవచ్చును. తన కుర్రవానిని సైకిలుపైననో స్కూటరుపైననో పంపుకొనవచ్చును. మూడు మైళ్ల లోపలి పాత ఖాతాదారులకు ఇంతకుమించిన చవుక సేవ లేదు.

కావున సేవను ఎన్నుకొనువాడు ముందుగా తన ఆర్డర్లను నెల దినములు వ్రాసి చూచుకొనవలెను: క్రొత్తవారెందరు, పాతవారెందరు, రొట్టె ఎంత దూరము పోవుచున్నది? పిమ్మట ప్రతి సంస్థను నాలుగు ప్రశ్నలడుగవలెను. నీ కూలి పాలా, స్థిరమైన రుసుమా? కొనువాని పేరు నాకు తెలియునా? నా వెలను నిర్ణయించువాడు ఎవడు. తగ్గింపు ఇచ్చినచో ఆ భారమెవరిది? నేను విడిచి పోదలచిననాడు నా పట్టిక, నా చిట్టా నాతో వచ్చునా? మొదటి ప్రశ్న ఈ నెల లాభమును గూర్చినది. మిగిలిన మూడును పదియేండ్ల తరువాత దుకాణము నిలుచునా యనుదానిని గూర్చినవి.

పెద్ద సంస్థను పూర్తిగా విడువనక్కరలేదు. దానిని క్రొత్తవారిని పిలుచు దండోరాగా వాడుకొని, వచ్చినవానికి పెట్టెలో తన ఫోను నంబరుగల చిన్న కార్డొకటి పెట్టి, రెండవసారి నేరుగా పిలిపించుకొనుట చేతనైనవాడు ఈ కాలమున బ్రదుకును. సంస్థతో కుదిరిన ఒప్పందము దీనికి అడ్డు రాకుండునా యని సంతకమునకు ముందే చదివికొనవలెను. చదువకుండ చేసిన సంతకములవలన కలిగిన నష్టము ఈ చరిత్రలో కొంచెము కాదు.

నేపుల్స్ కుర్రవాడు తలపై మోసినది వేడి పెట్టెను మాత్రమే. టెలిఫోను మోసినది గొంతును మాత్రమే. నేటి సంస్థ రొట్టెతోపాటు కొనువాని పరిచయమును కూడ మోసికొనిపోగలదు. రొట్టెను మోయించుకొనుటకు కూలి ఇచ్చుట ధర్మమే. పరిచయమును మాత్రము దుకాణము తనవద్దనే ఉంచుకొనవలెను. పిండికొద్దీ రొట్టె యను పెద్దల మాట ఆ దుకాణమున నేటికిని చెల్లుబడి యగును.